మిద్దె కదిలిన మంగళవారం

ఈ సెప్టెంబరు 25కి పాతికేళ్లు. 2001లో ఆ రోజు మంగళవారం. రాత్రి 8.26కి మద్రాసు చూలైలో మా మిద్దె కదిలింది.

వంటింట్లో మా ఆవిడ దోసెలు పోస్తోంది. ముందుగదిలో పడుకున్న అమ్మ "ఎవర్రా మంచం లాగేది?" అని గదమాయించింది. మంచం దగ్గర ఎవరూ లేరు. గూట్లో ఇత్తడి చెంబులు ఒకదానికొకటి తగిలి గణగణమన్నాయి. దూలాల సందులోంచి సున్నం పెళ్ల ఒకటి ఊడి దోసెపిండి గిన్నె పక్కన పడింది. అంతే, కొన్ని క్షణాలు. మేం అమ్మను పట్టుకుని బయటికి వచ్చేసరికి వీధంతా వీధిలోనే ఉంది. ఎదురింటి మామి "బూమి అదిరుచ్చు" అంటోంది. అమ్మ "భూమి అదిరిందమ్మా" అంటోంది. తమిళులు భూకంపాన్ని నిలనడుక్కం అంటారు, అందులోని నడుక్కం మన నడుకే. అదురు, నడుకు రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి. ఆ రాత్రి మా వీధిలో ఎవరి మాటకూ అర్థం చెప్పాల్సిన పని పడలేదు.

చూలై అంటే తమిళంలో బట్టీ. ఒకప్పుడు ఇక్కడ ఇటుకలు కాల్చేవారని, అదే పేటకు పేరైందని పెద్దలు చెబుతారు. ఈ పేటలోనే అవధానం పాపయ్య పేరు మీద ఒక రోడ్డు ఉంది. 18వ శతాబ్దం చివర కంపెనీ దొరల దగ్గర దుబాసీగా చక్రం తిప్పి, 1792లో కుట్ర కేసులో శిక్ష పడిన తెలుగువాడు. ఆ పేరుతోనే ఒక దుబాసీని వాల్టర్ స్కాట్ తన నవలలో పాత్ర చేశాడు. పాపయ్య నాటి మనుషులు పోయారు, బట్టీలు పోయాయి. ఇటుకను నిలువుగా పేర్చి, సున్నంతో అతికి, టేకు దూలాల మీద నిలబెట్టిన మద్రాసు మిద్దెలు మాత్రం మొన్న మొన్నటి దాకా నిలిచాయి. 2001లో మేమున్నది అలాంటి ఇంట్లోనే. అందుకే భూకంపం అనగానే నాకు ముందు ఇటుకే గుర్తొస్తుంది.

మన నేల ఎన్నిసార్లు కదిలిందో రాసిపెట్టినవాళ్లు బహు తక్కువ. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంపాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. సముద్రంలోని మహాజంతువుల వల్ల అని కొందరు, భూభారం మోసి అలసిన దిగ్గజాల నిట్టూర్పు అని కొందరు, గాలి గాలిని ఢీకొని నేల మీద పడడం వల్ల అని కొందరు, జనం చేసుకున్న కర్మ అని ఇంకొందరు చెబుతారని ఓపికగా నమోదు చేశాడు. కంపాలను వాయవ్యం, ఆగ్నేయం, ఐంద్రం, వారుణం అని విడగొట్టాడు. అక్కడి నుంచి మనం ఒక్క అంగలో వెయ్యేళ్లకు పైగా దాటాలి. మా అవ్వ తరానికి కూడా ఆదిశేషుడు తల మార్చుకోవడమే కారణం.

కంపెనీవాళ్ల కాగితాలు వచ్చాక తేదీలు దొరుకుతాయి. 1807 డిసెంబరులో, 1816 సెప్టెంబరులో మద్రాసులో కంపం. 1822 జనవరిలో వందవాసి దగ్గర. 1867 జులైలో విళుప్పురం దగ్గర, కొంచెం గట్టిగా. దేశమంతటా దొరికిన ఇలాంటి తేదీలను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు పునాది వేసిన థామస్ ఓల్డ్‌హామ్ 1869 దాకా ఒక పట్టికగా కూర్చాడు. ఆయన పోయాక 1883లో కొడుకు రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ దాన్ని అచ్చు వేయించాడు. తండ్రి పట్టిక ఆగిన చోట నుంచి కొడుకు మొదలెట్టిన పని గురించి చెప్పాలనే నేను ఈ వ్యాసానికి ఒప్పుకున్నాను.

అది 1881, మనకు వృష నామ సంవత్సరం. ధాత కరువును మద్రాసు ఇంకా మరవలేదు. 1876లో మొదలెట్టిన రేవు కట్టడం ఒక కొలిక్కి వచ్చిందనుకునే వేళకు, నవంబరు 12న తుపాను విరుచుకుపడి అలలను ఆపే రాతికట్టలను అర మైలుకు పైగా విరగ్గొట్టింది. ఏడు వారాలు గడిచాయి. డిసెంబరు 31, శనివారం, ధనుర్మాసం. ఉదయం 8 కొట్టకముందే కార్ నికోబార్ దగ్గర సముద్రగర్భం కదిలింది. ఇప్పటి లెక్క ప్రకారం దాని తీవ్రత 7.9. తూర్పు తీరం పొడవునా జనానికి ఆ అదురు తెలిసింది.

అసలు కథ ఆ తర్వాత నడిచింది. సర్వే ఆఫ్ ఇండియావాళ్లు అప్పటికి కొన్నేళ్లుగా రేవుల్లో ఆటుపోట్లను కొలిచే యంత్రాలు పెడుతున్నారు. ఓడలు ఏ వేళకు రేవులోకి రావచ్చో ముందుగా లెక్కకట్టడానికి పెట్టినవి అవి. నీటి అంచున ఒక గొట్టంబావి, అందులో ఒక బెండు. బయట అలలు ఎంత ఎగిరినా లోపల నీరు నెమ్మదిగానే పెరిగి నెమ్మదిగానే తగ్గుతుంది. దాంతోపాటు బెండూ లేచి దిగుతుంది. బెండుకు కట్టిన తీగ పెన్సిలును కదిలిస్తుంది. ఆ పెన్సిలు, గడియారం తిప్పే పీపాకు చుట్టిన కాగితం మీద గీత గీస్తుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు, నున్నటి వంకర గీత. ఉద్యోగి వచ్చి కాగితం మారుస్తాడు, తేదీ వేస్తాడు, వెళ్లిపోతాడు. ఇంతకంటే విసుగు పుట్టించే ఉద్యోగం ఉంటుందా అనిపిస్తుంది.

ఆ శనివారం ఆ నున్నటి గీత మీద రంపపు పళ్లు మొలిచాయి. పోర్ట్ బ్లెయిర్‌లో ముందు. అక్కడి నుంచి అల బంగాళాఖాతం దాటింది. లోతైన నీటిలో అది గంటకు 600 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతుంది కాబట్టి రెండు గంటల పైచిలుకులో మన ఒడ్డుకు వచ్చేసింది. నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఇంకా ఉత్తరాన హుగ్లీ దాకా, బంగాళాఖాతం చుట్టూ 8 చోట్ల బెండ్లు లేచి దిగాయి, 8 పెన్సిళ్లు గీశాయి. అల శిఖరం ఎక్కడా 80 సెంటీమీటర్లు మించలేదు. తుపాను చూసిన ఒడ్డుకు అది అలే కాదు. ఒడ్డున నిలబడ్డ మనిషికి తెలియని సంగతి కాగితానికి తెలిసింది.

ఇక రిచర్డ్ ఓల్డ్‌హామ్. అప్పటికి 23 ఏళ్లవాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు. ఎక్కడ ఎన్ని గంటలకు ఎంత గట్టిగా అదిరిందో తెలిపే కబుర్లన్నీ పోగేశాడు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. అప్పట్లో ఒక్కో ఊరికి ఒక్కో టైము. రైళ్లు, తంతి ఆఫీసులు మాత్రం మద్రాసు టైము పాటించేవి. ఆ టైము పుట్టేది చూలైకి నాలుగు అడుగుల దూరంలో, నుంగంబాకం వేధశాలలో. అంటే దేశంలో ఎక్కడ నేల కదిలినా, ఎప్పుడు కదిలిందో నమ్మకంగా చెప్పాలంటే లెక్క మద్రాసు గడియారం దాకా రావాల్సిందే. 1884లో ఓల్డ్‌హామ్ తన వ్యాసం అచ్చు వేశాడు. 1906లో ఇదే మనిషి, భూకంప తరంగాలు భూమి గుండా ప్రయాణించే తీరు చూసి, భూమి నడిమధ్యన వేరే గర్భం ఉందని ప్రపంచానికి చెప్పాడు. అంతటివాడి తొలి అడుగుల్లో మన రేవుల కబుర్లున్నాయని తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ 8 కాగితాలు పోలేదు. 120 ఏళ్ల తర్వాత ఆర్టిజ్, రోజర్ బిల్హమ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వాటిని మళ్లీ చదివి, సముద్రగర్భంలో ఎంత మేర ఎంత జారి ఉంటుందో లెక్క తీశారు. ఆ వ్యాసం 2003లో వచ్చింది. సునామీ అన్న మాట మన ఇళ్లలోకి రావడానికి ఇంకా ఏడాది ఉంది. అప్పటికి మనకు ఉప్పెన ఒక్కటే తెలుసు.

2001కి వస్తే కథ ఇంత వరుసగా నడవదు. ఆ ఏడాది నేల ఒక చోట నిలవలేదు. జనవరి 13న ఎల్ సాల్వడార్‌లో 7.7, శాంటా టెక్లా ఊరి మీదికి కొండచరియ జారి ఒక పేట మొత్తం మట్టిలో కలిసింది. 900 మందికి పైగా చనిపోయారు. నెల తిరిగీ తిరగకుండా, ఫిబ్రవరి 13న, అదే దేశంలో మళ్లీ.

జనవరి 26 ఉదయం 8.46కి భుజ్. మేం టీవీలో ఢిల్లీ కవాతు చూడబోతున్నాం. అధికారిక లెక్క ప్రకారమే 13,805 మంది పోయారు. అంజార్‌లో గణతంత్ర దినం ఊరేగింపుగా సన్నటి వీధిలో నడుస్తున్న 185 మంది పిల్లలు, 20 మంది ఉపాధ్యాయులు రెండు వైపుల ఇళ్లూ కూలి అక్కడే సమాధి అయ్యారు. ఆ వీధిలో కూలింది రాయి, ఇటుక. షావుకారుపేట, వేపేరి, పురసవాక్కంలో గుజరాతీ కుటుంబాలు చాలా ఉన్నాయి. మా వీధి చివర సేఠ్ దుకాణం ముందు వారం పాటు దుప్పట్ల మూటలు కడుతూనే ఉన్నారు. పూచీకత్తు లేనిదే పైసా అప్పివ్వడని పేరున్న ఆ సేఠ్ గల్లాపెట్టె ముందు కూర్చుని ఏడవడం నా కళ్లారా చూశాను. భుజ్‌కు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద గోడల్లేవు. కార్లు పెట్టుకోవడానికి స్తంభాలు మాత్రమే నిలిపి, పైన ఇళ్లు కట్టారు.

ఫిబ్రవరి 28న సియాటిల్ దగ్గర 6.8. మా మేనల్లుడు రెడ్మండ్‌లో ఉండేవాడు. "మామయ్యా, బల్ల కింద దూరాను, నువ్వు నవ్వకూడదు" అని ఫోన్ చేశాడు. నవ్వలేదు, భుజ్ అయి అప్పటికి నెలే. బిల్ గేట్స్ సియాటిల్‌లో ఒక హోటల్లో ప్రసంగిస్తుంటే దీపాలు ఊగాయట. తీవ్రత భుజ్ కంటే బాగా తక్కువ, పైగా చాలా లోతున పుట్టింది, కట్టడాలు నిలిచాయి. ఒక్కరంటే ఒక్కరు, అదీ గుండెపోటుతో. జూన్ 23న పెరూలో 8.4, ఆ ఏడాదికి అదే అన్నింటికంటే పెద్దది. అరెకీపాలో తెల్లరాతి చర్చి గోపురం ఒకటి కూలింది. నవంబరు 14న టిబెట్ పీఠభూమిలోని కున్‌లున్ దగ్గర 7.8. నేల 400 కిలోమీటర్ల పొడవున చీలింది, చూసినవాళ్లు లేరు, పోయినవాళ్లూ లేరు.

వీటి మధ్య మా మంగళవారం ఎంత? 5.5. పుదుచ్చేరికి ఎదురుగా సముద్రంలో పుట్టింది. దక్షిణాది రాయి గట్టిదని, మనకు భూకంపాలు రావని పెద్దలు చెప్పేవారు. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర వచ్చిన కంపాన్ని, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7తో వచ్చిన కంపాన్ని అప్పటికే అందరూ మరిచారు. మరుసటి ఏడాది, 2002లో, భారత ప్రమాణాల సంస్థ భూకంప మండలాల పటాన్ని మార్చింది. అంతదాకా 2వ మండలంలో ఉన్న చెన్నై 3వ మండలానికి వచ్చింది. దాని అర్థం, ఇక్కడ కట్టే ప్రతి ఇల్లూ ఇంతకుముందు కంటే గట్టి ఊపును తట్టుకునే లెక్కతో కట్టాలి.

తర్వాత 2004 డిసెంబరు 26. 1881లో కదిలిన చోటును కూడా కలుపుకుని, సుమత్రా నుంచి అండమాన్ దాకా సముద్రగర్భం తెగింది. 9.1. ఒకనాడు బెండు నెమ్మదిగా లేచి దిగిన నాగపట్నం జిల్లాలోనే 6 వేల మందికి పైగా చనిపోయారు. 2007 అక్టోబరులో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం మొదలైంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 వస్తే ఆ కేంద్రం హెచ్చరిక పంపింది. చెన్నైలో ఆఫీసులు ఖాళీ అయ్యాయి, అల మాత్రం పెద్దగా రాలేదు. 2019 ఫిబ్రవరిలో ఒక ఉదయం బంగాళాఖాతంలో మళ్లీ. 2024 డిసెంబరు 4న ములుగు అడవుల్లో 5.3, హైదరాబాద్ దాకా తెలిసింది. ఇప్పుడు నేల కదిలిన నిమిషంలో ఫోన్లు మోగుతాయి, గంటలో అందరూ మరిచిపోతారు. 1881లో ఓల్డ్‌హామ్‌కు కబురు రాసి పంపినవాడు మాత్రం గడియారం చూసి, నిమిషం రాసి, తన గదిలో ఏ వస్తువు కదిలిందో రాశాడు.

మా చూలై ఇల్లు 2009లో పడగొట్టారు. ఇప్పుడక్కడ అయిదంతస్తులు. కింద గోడలు లేవు, స్తంభాల మధ్య కార్లున్నాయి.

పాఠకులకు రెండు మనవులు. మీ అపార్టుమెంటు కింద అంతస్తు కూడా అలాగే స్తంభాల మీద ఉంటే, వచ్చే సంఘం సమావేశంలో ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించండి. ఆ స్తంభాల మధ్య ఎక్కడ గోడ కట్టాలో, ఏ స్తంభానికి బలం పెంచాలో ఆయన చెబుతారు. రెండోది, 2001 సెప్టెంబరు 25 రాత్రి 8.26కి మీరు మద్రాసులో, పుదుచ్చేరిలో, నెల్లూరులో, ఎక్కడున్నా సరే, ఒక కాగితం తీసుకుని రాయండి. ఏ వీధి, ఎన్నో అంతస్తు, ఏ వస్తువు ఏ వైపు పడింది, ఎంతసేపు. రాసి ఈ అనుబంధం చిరునామాకు పంపండి. మొదటి ఉత్తరం నాదే: చూలై, కింది ఇల్లు, ఇత్తడి చెంబులు మోగాయి, పడలేదు, సున్నం పెళ్ల ఒకటి రాలింది.