ఆరాధనమును సంఘజీవనమును: ఎర్రగుంట్ల ప్రాంత క్రైస్తవ సమాజముపై ఒక పరిశీలన

రాయలసీమ క్రైస్తవుల చరిత్రను వ్రాయువారు సామాన్యముగా మిషనరీల రాకను, మతాంతరీకరణ కారణములను, పాఠశాలల వైద్యశాలల స్థాపనమును సవిస్తరముగా వర్ణించి, ఆదివారమునాడు గుడిలో జరుగు ఆరాధనను మాత్రము కేవలము మతవిషయమని విడిచిపెట్టుచుందురు. విడిచిన ఆ అంశమునందే సంఘముయొక్క సామాజిక జీవనమునకు మూలమున్నదనియు, కీర్తనము, హస్తస్పర్శ, కానుక యను మూడు ఆరాధనాంగములును గుడి వెలుపలి కార్యములకు నియామకములై యున్నవనియు నిరూపించుట ఈ వ్యాసమున నా ప్రయత్నము.

పూర్వరంగము

నాపరాతి గనులకును, సిమెంటు కర్మాగారములకును, రైలు కూడలికిని ప్రసిద్ధమైన ఎర్రగుంట్ల రెండు మిషను క్షేత్రముల నడుమ నున్నది. 1810లో బళ్ళారియందును 1822లో కడపయందును స్థిరపడిన లండన్ మిషనరీ సొసైటీ కాలక్రమమున పెన్నకు ఆవలి ఒడ్డుననున్న జమ్మలమడుగును తన కేంద్రములలో ఒకటిగా చేసికొనెను. ఉత్తరమున నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు ప్రాంతములు సొసైటీ ఫర్ ద ప్రాపగేషన్ ఆఫ్ ద గాస్పెల్ (ఎస్.పి.జి.) వారి ఆంగ్లికను మిషనుకు చెందినవి. మొదటి శాఖయందు స్థానిక సంఘమే తన వ్యవహారములను తాను నిర్ణయించుకొను కాంగ్రిగేషనల్ సంప్రదాయము బలీయము. రెండవదానియందు బిషప్పుల పాలనమును, ప్రార్థనపుస్తకపు క్రమమును ప్రధానములు. లండన్ మిషను సంఘములు 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘమునందును, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రలులో ప్రారంభమైన దక్షిణ ఇండియా సంఘమునందును చేరెను. నంద్యాల ఆంగ్లికనులు ఆనాడు వెలుపలనే నిలిచి, 1975లో కలిసిరి.

ఈ సంఘములలోని జనులలో అధికులు మాల, మాదిగ పేటలవారు. వారు ఒక్కొక్కరుగా గాక కుటుంబములుగను, పేటలుగను కలిసి ఆలోచించుకొని మతమును స్వీకరించిరి. కావున విశ్వాసము వారికి ఆదినుండియు ఏకాంత సాధనము గాక పదిమంది కలిసి చేసిన నిర్ణయమే. నేటికిని సంఘ పెద్దల మాటకు గల గౌరవము ఆ పుట్టుకనుండి వచ్చినదే.

కీర్తనము

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున పెక్కు పాటలకు శీర్షమున రాగతాళములు ముద్రింపబడి యుండును. పురుషోత్తమ చౌధరి (1803–1890) మొదలగు కవులు పల్లవి, అనుపల్లవి, చరణముల కట్టుబాటులో క్రైస్తవ భక్తిని ఒదిగించి, అక్షరము రానివారి నోటికి వేదాంతమును అందించిరి. పాట సంఖ్యను చెప్పినంతనే పుస్తకము తెరువకయే అందుకొను వృద్ధురాండ్రు ఈ ప్రాంతమున ప్రతి గుడిలోను కలరు. హార్మోనియము, తబల, కంజీరలతో గుడిలో పాడిన పాటయే బుధవారపు ఇండ్ల కూడికలోను, పెండ్లియందును, సమాధి తోటయందును వినవచ్చును. చదువు నిరాకరింపబడిన జనులు శాస్త్రీయ రాగములను తమ సొత్తుగా చేసికొనుట సామాన్య విషయము కాదు. పదిమందిలో నిలిచి గొంతెత్తుటకు వారికి లభించిన ప్రథమ శిక్షణ ఇదియే.

సమాధాన ప్రదానము

దక్షిణ ఇండియా సంఘము 1950లో ప్రవేశపెట్టిన ప్రభు భోజన సంస్కార క్రమమున, కేరళ సిరియను క్రైస్తవుల ప్రాచీనాచారమును అనుసరించి, సమాధానమును చేతులతో అందించు విధి చేర్పబడెను. ఇచ్చువాడు తన కుడి అరచేతిని పుచ్చుకొనువాని కుడి అరచేతికి ఆనించును. ఇరువురును ఎడమచేతిని ఎదుటివాని కుడిచేతిపై మూయుదురు. బల్లయొద్దనున్న అయ్యగారినుండి మొదలై వరుస వరుసగా గుడి చివరవరకు అది ప్రాకును.

ఆ సంవత్సరమే జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దు చేసెను. ఆ సంవత్సరమే ఆగస్టున వెలువడిన షెడ్యూల్డు కులముల ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను ఆ పట్టికకు వెలుపల నుంచెను. మన రాష్ట్రమున వారు వెనుకబడిన తరగతులలో సి వర్గమువారై ఒక శాతము రిజర్వేషనుతో నిలిచిరి. మతము మారినంతనే పేట మారలేదు, కూలి మారలేదు, ఊరి చూపు మారలేదు. అట్టివారికి అరచేతిని అరచేతికి ఆనించుట సంకేతమాత్రము కాజాలదు. మాల మాదిగల నడుమ భేదము కొన్ని సంఘముల లోపలనే మిగిలియున్న మాటను దాచుట సత్యమునకు ద్రోహము. ఆ భేదము ఉన్నచోట ఈ విధియే ఆ సంఘముపై తీర్పు చెప్పుచున్నది.

హస్తస్పర్శ ఆరాధనాక్రమమున చేరకమునుపే వైద్యరూపమున ఈ సీమలో ఉండినది. పందొమ్మిదవ శతాబ్ది చివర లండన్ మిషను వైద్యుడు క్యాంబెల్ దొర పేరున జమ్మలమడుగులో వెలసిన ఆసుపత్రి, దగ్గరలో వైద్యమెరుగని పల్లెలకు దిక్కై నిలిచెను. ఊరు ముట్టని దేహమును ముట్టి నాడి చూచిన చేతికిని, బల్లయొద్దనుండి సమాధానమును తెచ్చు చేతికిని భావమొక్కటే.

కానుకయు సేవయు

ఈ మెట్టభూములలో నగదు అరుదు, ధాన్యము అనిశ్చితము. అయినను స్త్రీలు పొయ్యిపై ఎసరు పెట్టిన ప్రతిపూటయు పిడికెడు గింజలు వేరుగా తీసి, ఆదివారమునాడు సంచితో తెచ్చి గుడిలో పోయు ఆచారము నిలిచినది. కొరతయున్న ఇంట కొరతలోనుండియే తీసిన భాగమగుటచే దీనికి విలువ హెచ్చు. సంఘములోని స్త్రీల కూటమియగు స్త్రీల మైత్రి సభ్యురాండ్రు రోగులను పరామర్శించుటకును, దిక్కులేనివారి పెండ్లికిని, చావు వచ్చిన ఇంటికి కూడు మోయుటకును పూనుకొందురు.

కోతపండుగనాడు జొన్నలు, కొర్రలు, సెనగకాయలు, మిరపకాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు, గ్రుడ్లు బల్లముందు రాశిగా చేరును. ఆరాధన ముగిసిన పిదప వేలము జరుగును. ఒక గుమ్మడికాయను ఒకరు సంతధరకు అనేకరెట్లు పాడుకొని, మరల సంఘమునకే ఇచ్చివేయగా, అది రెండవమారు వేలమునకు వచ్చును. భూమిలేని యువకులు ఇప్పుడు బండల ఫ్యాక్టరీలలోను, సిమెంటు కర్మాగారములలోను, తాపవిద్యుత్కేంద్రమునందును పనిచేయుచు, పంటకు బదులుగా మొదటి జీతమును ప్రథమఫలముగా సమర్పించుచున్నారు. వృత్తి మారినను విధి మారలేదు.

ఉపసంహారము

పై పరిశీలనమునుబట్టి ఆరాధనమును, సంఘసేవయు వేర్వేరు శాఖలు కావని తేలుచున్నది. పాట నోటికి ధైర్యమును, హస్తస్పర్శ దేహమునకు గౌరవమును, కానుక పేదకు దాతృత్వమును నేర్పి, గుడి దాటినపిదప అవే కూడికలుగను, పరామర్శగను, వైద్యముగను రూపొందినవి. కాబట్టి సంఘముయొక్క చైతన్యమును మందిరపు ఎత్తుచేతను, ధ్వనివర్ధకముల హోరుచేతను గాక, ఆదివారమునాడు కలిసిన చేతులు సోమవారమునాడు ఎవరి గడప త్రొక్కినవను ప్రశ్నచేత కొలువవలెను. బాప్తిస్మపు చిట్టాలు, వివాహపు పుస్తకములు, కోతపండుగ వేలపు లెక్కలు, స్త్రీల మైత్రి పద్దులు పాస్టరేటు బీరువాలలో చెదలపాలు కాకమునుపే సంఘ పెద్దలును పరిశోధకులును కలిసి వానిని భద్రపరుపవలెను. శాసనములెక్కని జనులు స్వయముగా వ్రాసికొన్న రాయలసీమ చరిత్ర అందున్నది.