పెద్దల బడి: కిరసనాయిలు ఖర్చు ఎవరిది?

రామచంద్రపురానికి ఒక పక్క కొంకుదురు, ఇంకో పక్క ద్రాక్షారామం. మొదటి ఊళ్లో అయ్యంకి వెంకటరమణయ్య పుట్టారు. రెండో ఊళ్లో దువ్వూరి సుబ్బమ్మ పుట్టారు. ఆయన ఊరూరా గ్రంథాలయాలు పెట్టించే పనిలో జీవితమంతా గడిపి, 1972లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమె సహాయ నిరాకరణలో జైలుకు వెళ్లి, బయటికొచ్చి ఆడవాళ్లకు బడి పెట్టారు. వయసు మీరినవాళ్లకు ఫీజు లేకుండా చదువు చెప్పడమనే పని గోదావరి డెల్టాలో ఎలా వేళ్లూనుకుందో ఆరా తీస్తే దారి ఈ రెండు ఊళ్ల మీదుగానే పోతుంది. కాకపోతే మొదలు మాత్రం ఇక్కడ కాదు, ఇంకా వెనక.

పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఉచితంగా పాఠం చెప్పడం మనకు కొత్త సంగతేం కాదు. రామాలయం పందిట్లో సాగిన పురాణ కాలక్షేపం అదే కదా. పద్యం, పద్యానికి అర్థం, అర్థానికి ఒక పిట్టకథ, మధ్యలో నాలుగు లోకవ్యవహారాలు. వినేవాడికి కానీ ఖర్చు లేదు. పౌరాణికుడి సంభావన ఊరు చూసుకునేది. ఓనమాలు రాని రైతు కూడా భారతంలోని ధర్మసూక్ష్మం మీద గంటసేపు వాదించగలిగేవాడంటే ఆ పందిరి చలవే. అయితే అందులో రెండు లోపాలుండేవి. పుస్తకం పౌరాణికుడి చేతిలోంచి కదిలేది కాదు. పందిట్లోకి అందరికీ ప్రవేశమూ ఉండేది కాదు. తర్వాత వచ్చిన రాత్రి బడులన్నీ ఈ రెండింటి మీదే పోరాడాయి.

అచ్చు పత్రిక వచ్చాక సంగతి మారింది. 1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ మొదలుపెట్టారు. అదే ఏడాది ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచారు. ‘కృష్ణాపత్రిక’, ‘ఆంధ్రపత్రిక’ల కాలానికి అరుగు మీద చదువొచ్చినవాడొకడు పైకి చదవడం, చుట్టూ పదిమంది వినడం ఊళ్లలో అలవాటైపోయింది. పురాణం అయితే ఎవరో చదివినా చాలు. పత్రిక అలా కాదు. అందులో రాసింది నిజమో, చదివేవాడు కల్పించి చెబుతున్నాడో తేల్చుకోవాలంటే తనకూ అక్షరం రావాలి. పెద్దవాళ్లకు పలక మీద కోరిక పుట్టించిన కారణాల్లో ఇదొకటి.

బయటి ప్రపంచంలో అప్పటికే ఈ పని నడుస్తోంది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1798లోనే పెద్దల బడి ఒకటి పుట్టింది. డెన్మార్కులో గ్రుండ్ట్‌విగ్ ఆలోచనతో 1844లో రైతుబిడ్డల కోసం పరీక్షలు లేని జానపద పాఠశాల వచ్చింది. మన దేశంలో జ్యోతిరావు ఫూలే 1855లో పూనాలో తన ఇంట్లోనే కూలీల కోసం రాత్రి బడి నడిపారు. పగలంతా పని చేసినవాళ్లకు రాత్రే బడి అన్న చిన్న లెక్క కుదరడానికి అంత కాలం పట్టింది.

రాజమహేంద్రవరంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం 1909లో దళితుల కోసం రామమోహన్ పాఠశాల తెరిచారు. పందిట్లోకి రానివ్వనివాళ్ల కోసం వేరే బడి పెట్టడమంటే ఆ రోజుల్లో చుట్టాలతో, ఇరుగుపొరుగుతో తగువు పెట్టుకోవడమే. ఆ తగువు పెట్టుకున్న మనిషికి చిన్నప్పటి నుంచీ చూపు సరిగా లేదు, తర్వాత పూర్తిగా పోయింది. నాటకాలూ నవలలూ ఇంకొకరి చేత రాయించుకున్నారు. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగితే అధ్యక్షత వహించింది ఈయనే. పుస్తకాన్ని కళ్లతో చదవలేని పెద్దమనిషి గ్రంథాలయ సభకు అధ్యక్షుడు కావడంలో విడ్డూరమేమీ లేదు. ఇంకొకరు చదివిపెడితే తప్ప పుస్తకం అందని అవస్థ ఆ సభలో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఆ సభను కూడగట్టినవాళ్లలో ముఖ్యులు అయ్యంకి. సభతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రిక వచ్చింది. కార్యకర్తలు ఊరూరూ తిరుగుతూ గ్రంథాలయ యాత్రలు చేశారు. తెల్లదొరల ప్రభుత్వం ఒక్క దమ్మిడీ ఇవ్వకుండానే చందాలతో, విరాళాలతో పల్లెల్లో పుస్తకాల బీరువాలు వెలిశాయి. బీరువా పెట్టాక తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఊళ్లో చదవగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే! దాంతో గ్రంథాలయానికి అనుబంధంగా రాత్రి బడి, భజన, ఉపన్యాసం కూడా చేరాయి. పాఠం చెప్పేది ఊళ్లో నాలుగక్షరాలు వచ్చిన కుర్రాడు, జీతం లేదు. చోటు ఎవరి పంచో, గుడి మండపమో, దానికీ అద్దె లేదు. తప్పని ఖర్చు ఒక్కటే: లాంతరులో కిరసనాయిలు. వయోజన విద్య చరిత్రలో పెద్ద పేర్ల కంటే ఈ కిరసనాయిలు ఎవరు పోశారన్నది చూస్తేనే అసలు కథ బోధపడుతుంది. ఊరు పోసుకున్నచోట బడి నిలిచింది. పైనుంచి వస్తుందని ఎదురుచూసినచోట, అది రావడం మానేసిన నెలలోనే తలుపు మూతపడింది.

కృష్ణా డెల్టాలో ఇంకో అడుగు ముందుకేశారు. బడికి జనం రాకపోతే జనం దగ్గరికే పుస్తకం వెళ్లాలని పాతూరి నాగభూషణం 1935 అక్టోబరులో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. కాలువలు కట్టించిన ఇంజనీర్ల లెక్కల్లో ధాన్యం బస్తాలు, ప్రయాణికులు ఉంటారు కానీ ఈ సరుకు ఉండి ఉండదు. పాతూరికి గురుతుల్యులు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. 1908లో ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు జైలుకెళ్లిన ఈ కర్నూలు మనిషి, తర్వాతి దశాబ్దాల్లో గ్రంథాలయోద్యమాన్నీ వయోజన విద్యనూ ఒకే కాడికి కట్టారు. విజయవాడలో పాతూరి వెలయించిన సర్వోత్తమ భవనం ఆయన పేరు మీదిదే.

ద్రాక్షారామం సంగతికొస్తే, దువ్వూరి సుబ్బమ్మ 1880లో పుట్టారు. బాల్యంలోనే పెళ్లి, వెంటనే వైధవ్యం. ఆ కాలం ఆమెకు రాసిపెట్టిన బతుకు వంటింటి మూలదే. ఆమె మాత్రం తెలుగు, సంస్కృతం నేర్చి, సభల్లో పద్యాలు చదువుతూ ఉపన్యాసాలిచ్చే స్థాయికి ఎదిగారు. 1922లో జైలుకు వెళ్లారు. రాజకీయ కారణాలతో జైలు చూసిన తొలి ఆంధ్ర మహిళల్లో ఆమె ఒకరు. క్షమాపణ చెబితే వదిలేస్తామంటే చెప్పలేదు. విడుదలయ్యాక విరాళాలు పోగుచేసి రాజమహేంద్రవరంలో సనాతన స్త్రీ విద్యాలయం స్థాపించారు. పేరులో సనాతనం ఉందని తొందరపడనక్కర్లేదు. ఇంట్లో పెద్దలు ఆడవాళ్లను గడప దాటనివ్వాలంటే ఆ పేరు పనికొచ్చి ఉంటుంది. లోపల తయారైంది మాత్రం ఉద్యమ కార్యకర్తలు.

సరిగ్గా అదే కాలంలో కాకినాడలో ఇంకా లంగా ఓణీ వయసులో ఉన్న దుర్గాబాయి ఇంటి పట్టున హిందీ నేర్చి, తానే బాలికా హిందీ పాఠశాల పెట్టింది. విద్యార్థినుల్లో తన కంటే వయసులో పెద్దవాళ్లు, అమ్మ ఈడువాళ్లు కూడా ఉండేవారు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరగబోతోంది, వాలంటీర్లకు హిందీ రావాలి. కోరిక అక్షరం మీద కాదు, సభ మీద. టిక్కెట్టు లేదని ప్రదర్శన గుమ్మంలో నెహ్రూను ఆపేసిన చిన్న వాలంటీరు ఈమే అన్న కథ అందరికీ తెలిసిందే. పెద్దగా చెప్పుకోనిది ఇంకొకటుంది. ఈ పంతులమ్మ తన సొంత చదువును మధ్యలో వదిలేసింది. జైళ్లు తిరిగి వచ్చాక ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ రాసి, ఆపైన బి.ఏ., లా చదివారు. బడి ఈడు దాటాక చదవడంలోని కష్టం పడి తెలుసుకున్నారు కాబట్టే 1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభలో బడి మానేసిన ఆడవాళ్లను మెట్రిక్‌కు తయారుచేయడం ముఖ్యమైన పనైంది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక, ఆ పద్ధతినే 1958లో దేశమంతటికీ కుదించిన కోర్సుల పేరుతో విస్తరించారు. ఏళ్ల చదువును రెండేళ్లకు కుదించి చెప్పే ఆ పథకానికి విత్తనం కాకినాడ వీధిలో పడిందంటే అతిశయోక్తి కాదు.

స్వాతంత్ర్యం తర్వాత కిరసనాయిలు ఖర్చు సర్కారు నెత్తిన పడింది. 1948 మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టంతో ఇంటి పన్ను మీద గ్రంథాలయ సెస్సు వచ్చింది. 1960లో ఆంధ్రప్రదేశ్‌కు సొంత చట్టం వచ్చింది. ఈరోజు శాఖా గ్రంథాలయంలో ఉచితంగా పేపరు తిరగేసే పెద్దాయన, నిజానికి తన ఇంటి పన్నులోంచి దానికి డబ్బు కట్టేశాడు. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస ప్రాజెక్టుల్లో కాకినాడ–పెద్దాపురం ఒకటి. సాగు, ఆరోగ్యంతో పాటు సాంఘిక విద్య అందులో భాగం.

1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం వచ్చింది. అయిదేళ్లలో పది కోట్ల మందికి అక్షరాలు నేర్పాలన్నది గురి. ఆ కాగితంలో ఒక షరతుంది: వయసు 15 నుంచి 35 మధ్య. 1988 మే 5న మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ కూడా అదే గీత గీసింది. దేశానికి పనికొచ్చే వయసువాళ్లను ముందు చూసుకుందామన్నది అధికారుల తర్కం. దాంతో రాత్రి బడి అనగానే ఊళ్లో అందరికీ గుర్తొచ్చే అవ్వలూ తాతలూ లెక్కలోంచి జారిపోయారు. గురువు కాదనలేదు కాబట్టి వెనక వరసలో కూర్చుని నేర్చుకున్నవాళ్లు ఉంటే ఉండవచ్చు, రిజిస్టరులో మాత్రం వాళ్లకు చోటు లేదు. 1982 ఆగస్టులో భవనం వెంకట్రాం ముఖ్యమంత్రిగా ఉండగా దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వచ్చి, బడి మెట్లెక్కనివాళ్లకు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి వేసింది. ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. అయితే అది నాలుగక్షరాలు అప్పటికే వచ్చినవాళ్ల దారి.

అక్షరం రాని పెద్దల బడికి ఎంత బలముంటుందో ప్రభుత్వానికే అనుకోకుండా చూపించింది నెల్లూరు జిల్లా. 1991లో అక్కడ అక్షరదీపం కార్యక్రమం నడిచింది. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. సారా దుకాణాన్ని ఆడవాళ్లు ఏకమై మూయించిన కథ అది. దూబగుంట ఆడవాళ్లు పాఠం చదివి ఊరుకోలేదు. కథలో జరిగింది మన ఊళ్లో ఎందుకు జరగదన్నారు, దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. తర్వాతి వాచకంలో వాళ్ల కథే పాఠమైంది, అది చదివి పక్క ఊళ్లు కదిలాయి. అబ్కారీ రాబడి మీద బతికే ప్రభుత్వమే ఆ రాబడికి గండి కొట్టే పాఠాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేయించి పంచడం వింతల్లో వింత. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. మద్య నిషేధాన్ని రెండేళ్లకే సడలించారన్నది వేరే కథ. అదే ఊపులో పొదుపు సంఘాలు లేచాయి. పాస్‌బుక్కులో ఎంత పడిందో చూసుకోవాల్సి వచ్చినప్పుడు వేలిముద్ర చాలదని ఏ ప్రచార రథమూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇన్ని జరిగినా 2011 జనాభా లెక్కల్లో పశ్చిమగోదావరి అక్షరాస్యత 74.63 శాతం, తూర్పుగోదావరిది 70.99 శాతం. ఏడేళ్లు దాటిన ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురికి చదవడం రాదన్నమాట. వాళ్లలో పాతతరంవాళ్లే ఎక్కువ.

వయసుకు పైగీత చెరిపేసింది 2009 సెప్టెంబరు 8న మొదలైన సాక్షర భారత్. పదిహేనేళ్లు దాటితే చాలు, ఎంత పెద్దవాళ్లయినా రావచ్చు. పంచాయతీ కేంద్రంలో నెలకు రెండు వేల గౌరవ వేతనం మీద ప్రేరక్‌లను పెట్టారు. 2018 మార్చితో పథకం ముగిసింది, వాళ్ల పనీ పోయింది. ఏళ్ల తరబడి ఊళ్లో ‘టీచరుగారూ’ అనిపించుకున్నవాళ్లు ఒక్క ఉత్తర్వుతో ఇంటికెళ్లిపోయారు. కిరసనాయిలు పైనుంచి వస్తే ఏమవుతుందో మరోసారి రుజువైంది.

అసలు ముసలితనంలో చదువెందుకన్న ప్రశ్నకు ఇతరచోట్ల మంచి జవాబులే వచ్చాయి. ఫ్రాన్సులోని తులూజ్‌లో పియరీ వెల్లాస్ 1973లో ‘మూడో వయసు విశ్వవిద్యాలయం’ పెట్టారు. పరీక్ష లేదు, పట్టా లేదు, ఉద్యోగం ఊసు లేదు. ఇంగ్లండు 1980ల మొదట్లో దాన్ని మార్చుకుంది: పంతులూ విద్యార్థీ ఇద్దరూ విశ్రాంత ఉద్యోగులే, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకోవడమే. మహారాష్ట్రలోని ఫాంగణే గ్రామంలో 2016 మహిళా దినోత్సవం నాడు మొదలైన నానమ్మల బడిలో అవ్వలు గులాబీ రంగు చీరల యూనిఫాంలో పలకలు పట్టుకుని వెళ్లారు. కేరళలో కార్త్యాయని అమ్మ 2018లో 96 ఏళ్ల వయసులో అక్షరాస్యత పరీక్ష రాసి నూటికి 98 తెచ్చుకుని, 2020లో నారీశక్తి పురస్కారం అందుకున్నారు. ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయన్నదే తన బాధ అని ఆమె అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు నడుస్తున్నది 2022 నుంచి 2027 వరకు పెట్టుకున్న ఉల్లాస్ పథకం. మన రాష్ట్రంలో అక్షర ఆంధ్ర పేరుతో అమలవుతోంది. దేశమంతటా అయిదు కోట్ల మంది లక్ష్యం, రూ. 1,037.90 కోట్ల ఖర్చు. నేర్పేవాళ్లంతా జీతం లేని స్వచ్ఛంద సేవకులే. అంటే అయ్యంకి నాటి పద్ధతికి, ఈసారి ఫోన్ యాప్‌తో, సర్కారు తిరిగొచ్చింది. వాచకాలతో పాటు బ్యాంకు లావాదేవీలు, డిజిటల్ చెల్లింపులు, ఆరోగ్యం, చట్టం కూడా పాఠాల్లో చేర్చారు. డెల్టాలో మాత్రం ఏ పథకమైనా తలవంచక తప్పని క్యాలెండరు ఒకటుంది. సార్వా ఊడ్పులు మొదలైతే సాయంత్రానికి నడుం వాలిపోతుంది, పలక పట్టే ఓపిక ఉండదు. కోతలయ్యాక దాళ్వా పనులు. బడి నిండుగా సాగేది దాళ్వా ధాన్యం ఇంటికి చేరి, కాలువలు కట్టేసిన వేసవి వారాల్లోనే. ఉల్లాస్ పరీక్షలు సాధారణంగా మార్చిలోనో సెప్టెంబరులోనో పెడుతున్నారు. ఇక్కడ ఒకటి దాళ్వా చివరి తడుల కాలం, ఇంకొకటి సార్వా కలుపుల కాలం.