పరిశోధన పేపర్ల పరిశీలనలో గోప్యత: మన పిల్లలు తెలుసుకోవలసిన విషయాలు

ఈమధ్య మన సంఘం సభ్యుల ఇంటి అమ్మాయి ఒకరు నా దగ్గరికి వచ్చింది. పీహెచ్‌డీ చేస్తోంది. "కాకా, మా గైడ్ గారికి ఒక జర్నల్ నుంచి పరిశీలన కోసం పేపర్ వచ్చింది. తీరిక లేదని నాకిచ్చి రిపోర్టు రాయమన్నారు. చూస్తే అది అచ్చం నా అంశమే. అందులోని పద్ధతి నేను వాడుకుంటే తప్పా?" అని అడిగింది. నేను పరిశోధకుణ్ని కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ని. అయితే "గోపనీయ" అని రాసిన కవర్లు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి. ఆమె ప్రశ్నకు జవాబు కోసం తెలిసినవారిని అడిగి, చదివి తెలుసుకున్నది అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మన నాందేడ్‌లో స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం 1994 సెప్టెంబరు 17న ఏర్పడింది. అంతకు ముందు పై చదువులకు ఔరంగాబాద్ వైపు చూసేవాళ్లం. ఇప్పుడు ఇక్కడా, అటు నిజామాబాద్, హైదరాబాద్‌లలోనూ మన పిల్లలు పరిశోధన చేస్తున్నారు. ఇంట్లో మొదటిసారి పీహెచ్‌డీ దాకా వెళ్లిన పిల్లలకు ఈ నియమాలు చెప్పే పెద్దలు ఉండరు.

పీర్ రివ్యూ అంటే ఏమిటి?

జర్నల్‌కు పేపర్ పంపితే ఎడిటర్ దాన్ని అదే విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపి అభిప్రాయం అడుగుతారు. వీరే రివ్యూవర్లు. రాసినవారి పేరు రివ్యూవర్‌కు తెలిసి, రివ్యూవర్ పేరు రాసినవారికి తెలియకపోతే సింగిల్ బ్లైండ్. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలియకపోతే డబుల్ బ్లైండ్. కొన్ని జర్నళ్లలో పేర్లు దాచరు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 1999 నుంచి రివ్యూవర్ పేరును రచయితకు తెలియజేస్తోంది. పద్ధతి ఏదైనా, అచ్చు కాని పేపర్ మాత్రం రివ్యూవర్ దగ్గర అమానతు సొమ్ము లాంటిదే.

అమానతు తప్పితే ఏమవుతుంది?

1978లో అమెరికాలో హెలెనా వాక్స్‌లిక్ట్-రాడ్‌బార్డ్ అనే యువ పరిశోధకురాలి పేపర్ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌కు వెళ్లింది. జర్నల్ దాన్ని యేల్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఫిలిప్ ఫెలిగ్‌కు పంపింది. ఆయన తన దగ్గర పనిచేస్తున్న విజయ్ సోమన్‌కు ఇచ్చారు. పేపర్ వద్దని రిపోర్టు వెళ్లింది. ఆ తర్వాత వారిద్దరూ అదే విషయం మీద మరో జర్నల్‌కు పేపర్ పంపారు. అది పరిశీలనకు వచ్చింది హెలెనా పై అధికారి దగ్గరికే. ఆమె చదివితే అందులో తన వాక్యాలే కనిపించాయి. 1980లో విచారణ జరిపితే సోమన్ లెక్కల్లోనూ తప్పులు బయటపడ్డాయి. ఆయన ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది, పేపర్లు వెనక్కి తీసుకున్నారు. ఫెలిగ్ కూడా కొత్తగా చేరిన కొలంబియా పదవి వదలవలసి వచ్చింది. మొదట జరిగింది చిన్న పనే: ఒకరికి వచ్చిన పేపర్ మరొకరి చేతికి వెళ్లింది.

పేరు ఎందుకు దాస్తారు?

1936లో ఐన్‌స్టీన్ గురుత్వ తరంగాల మీద పంపిన పేపర్‌ను ఫిజికల్ రివ్యూ ఎడిటర్ ఒక రివ్యూవర్‌కు చూపించారు. ఆయన తప్పు పట్టుకున్నారు. తన అనుమతి లేకుండా చూపించారని ఐన్‌స్టీన్ కోపగించి పేపర్ వెనక్కి తీసుకున్నారు. తర్వాత తప్పు తెలుసుకుని, సరిదిద్ది వేరే జర్నల్‌లో వేయించుకున్నారు. ఆ రివ్యూవర్ హెచ్.పి. రాబర్ట్‌సన్ అని జర్నల్ పాత రిజిస్టరు ఆధారంగా రూఢి అయింది 2005లో. పేరు బయటికి రాదన్న భరోసా ఉంటేనే ఎంత పెద్దవారికైనా "ఇక్కడ తప్పుంది" అని రాయగలరు.

అయితే పేరు దాచడం వేరు, విషయం దాచడం వేరు. సర్కారు నౌకరీ చేసినవారికి గోపనీయ అహవాల్ గుర్తుంటుంది. దానిలో రాసిన ప్రతి మాటా ఉద్యోగికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2008లో దేవ్ దత్ కేసులో చెప్పింది. పేపర్ విషయంలోనూ అంతే. రివ్యూవర్ ఎవరని అడగకూడదు. కానీ ఏ కారణంతో తిరస్కరించారో అడగడానికి మొహమాట పడనక్కర లేదు.

గుర్తుంచుకోవలసినవి

• మీకు పరిశీలనకు వచ్చిన పేపర్‌ను ఎవరికీ చూపకండి, వాట్సాప్‌లో పంపకండి. ఇంకొకరి సాయం కావాలంటే ముందు ఎడిటర్ అనుమతి తీసుకోండి.
• అందులోని ఆలోచన, పట్టికలు, పద్ధతి అచ్చయ్యే దాకా మీవి కావు. అచ్చయ్యాక ఆధారం చూపి వాడుకోవచ్చు.
• చాట్‌జీపీటీ వంటి వాటిలో ఆ పేపర్ పెట్టి రిపోర్టు రాయించకండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2023 జూన్‌లో తన గ్రాంటు దరఖాస్తుల పరిశీలకులకు దీన్ని నిషేధించింది.
• రాసినవారు మీ స్నేహితులైనా, పోటీదారులైనా ముందే చెప్పి తప్పుకోండి.
• మోసం ఉందని అనుమానం వస్తే ఎడిటర్‌కు మాత్రమే రాయండి.
• డబుల్ బ్లైండ్ జర్నల్‌కు పంపేటప్పుడు పేపర్‌లో మీ పేరు, గైడ్ పేరు, కృతజ్ఞతలు తీసేయండి. కంప్యూటర్ ఫైలు వివరాల్లోనూ పేరు ఉంటుంది, చూసుకోండి.
• పంపిన తేదీ, ఎడిటర్ ఉత్తరాలు, మీ మొదటి ప్రతి భద్రంగా ఉంచండి. రేపు ఎవరైనా మీ పని తీసుకుంటే అవే సాక్ష్యం.
• యూజీసీ తన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది. కాబట్టి పరిశీలన నియమాలు స్పష్టంగా రాసిపెట్టిన జర్నల్‌నే ఎంచుకోండి.

ఆ అమ్మాయి చివరికి ధైర్యం చేసి గైడ్ గారికే చెప్పింది: "సర్, ఇది నా అంశానికి మరీ దగ్గరగా ఉంది, నేను చూడకపోవడమే మంచిది." ఆయన ఒప్పుకుని ఎడిటర్‌కు జరిగింది రాశారు. ఆమె తన దగ్గరున్న కాపీ తీసేసింది. గైడ్ గారికి ఎదురు చెప్పినట్టవుతుందని ఆమె భయపడింది. కానీ ఇది ఎదురు చెప్పడం కాదు, ఆయన పేరునూ కాపాడడమే. ఇలాంటి సందేహం వచ్చిన పిల్లలు సంకోచం లేకుండా ముందే అడగాలి.