రైఫిల్ అభిరుచి: సింగరేణి ప్రాంతం

సైన్యం నుంచి రిటైరైనవారికి రైఫిల్‌పై మక్కువ మిగిలే ఉంటుంది; బొగ్గు పట్టణాల్లో దాని రూపం ఇది. రామగుండం, గోదావరిఖనిలో రైఫిల్ ఎక్కువగా కనిపించేది కొలువులోనే. ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి 1969లో ఏర్పడిన కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలా. బ్యాంకుల గుమ్మాల దగ్గర కూర్చునే గార్డుల్లో మాజీ జవాన్లు ఎక్కువ. యూనిఫాం మారినా ఇస్త్రీ మడత, బూటు మెరుపు, తుపాకీ పట్టే తీరు మారవు.

పాతతరం జవాన్ల నోట వినిపించే పేరు త్రీ నాట్ త్రీ (.303). 1962 చైనా యుద్ధంలో మన సైనికుల చేతిలో ఉన్నది ప్రధానంగా ఈ బోల్ట్ యాక్షన్ రైఫిలే; తరవాత సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ (ఎస్ఎల్ఆర్) వచ్చింది. .303 బోరు పౌరులకు నిషిద్ధం. అందుకే లైసెన్సుదారులకు ప్రభుత్వ కర్మాగారాలు అదే తరహా యంత్రాంగంతో .315 తయారుచేశాయి. ముచ్చటపడ్డ మాజీ సైనికుడికి అది దగ్గరి చుట్టం.

1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. ఎన్నికల వేళ చాలామంది లైసెన్సుదారులు వాటిని పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి.

గురి మీదే మోజైతే ఎయిర్ రైఫిల్ మేలు. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. అదే ఒలింపిక్స్‌లో పిస్టల్‌తో రజతం తెచ్చిన విజయ్ కుమార్ అప్పట్లో సైన్యంలో సుబేదార్. 0.177 అంగుళాల బోరు, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు.