పురుగు పట్టిన యంత్రం

బియ్యానికి పురుగు పడితే చేటలో పోసి చెరుగుతాం. పప్పుకి పడితే ఎండలో పోస్తాం. మరి కంప్యూటరుకి పడితే? నవ్వకండి, నిజంగానే పడింది. తేదీతో సహా చెబుతాను. 1947 సెప్టెంబరు 9. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ టూ అనే యంత్రం మొరాయించింది. గదినిండా పరుచుకున్న యంత్రం అది. పనివాళ్ళు వెతగ్గా వెతగ్గా 70వ నంబరు రిలేలో ఓ దీపపు పురుగు చిక్కుకుని చచ్చిపడి ఉంది. దాన్ని బయటికి తీసి, యంత్రం దినచర్య రాసుకునే పుస్తకంలో టేపుతో అంటించారు. అసలు సిసలు పురుగు ఇన్నాళ్ళకి దొరికిందని పక్కన చమత్కారంగా రాశారు కూడా. ఎందుకంటే యంత్రంలో తెలియని లోపాన్ని 'బగ్' అనడం అప్పటికే వాడుకలో ఉంది. ఎడిసన్ 1878 నాటి ఉత్తరంలోనే ఆ మాట వాడాడు.

ఆ పురుగును పట్టింది గ్రేస్ హాపర్ అని చాలామంది రాస్తుంటారు. ఆవిడ అక్కడ పనిచేసిన గణితవేత్త. పట్టినవాళ్ళు వేరే. ఆ కథను ఊరూరా చెప్పి బతికించింది మాత్రం ఆవిడే. పుస్తకమూ పురుగూ ఇప్పటికీ స్మిత్‌సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

నాకు పురుగుకన్నా ఆ పుస్తకమే ముచ్చటగా తోచింది. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏం జరిగిందో ఓపిగ్గా రాసుకున్నారు చూశారూ, అదీ విద్య అంటే!

ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, మా ఆడపడుచు భద్రాచలంలో ఉంటుంది. ఇంట్లోనే ఓ కంప్యూటరు పెట్టుకుని పిల్లలకి దరఖాస్తులు నింపిపెడుతుంది. ఇంటరు పాసైన ఆడపిల్లలు దుమ్ముగూడెం, చర్ల దాటి అడవి లోపలి ఊళ్ళనుంచి వస్తారు. డిగ్రీలో చేరాలంటే 2016 నుంచీ దోస్త్ అని ఆన్‌లైను దరఖాస్తే కదా! బస్సు ఛార్జీలు పెట్టుకుని, ఒకరోజు కూలి పోగొట్టుకుని తల్లి వెంట వచ్చిన పిల్ల, కాలేజీల పేర్లన్నీ వరుసగా ఎంచుకుంటూ ఉండగా తెర టప్పున ఆరిపోతుంది. మళ్ళీ మొదలు. అవతల ఆఖరి తేదీ ముంచుకొస్తుంటుంది. సాయంత్రం బస్సు ఆగదు. ఆ పిల్ల మొహం చూడలేకపోతున్నానమ్మా అని మా ఆడపడుచు ఒకటే బాధపడేది.

సలహాలకేం కొదవా? బంధువుల అబ్బాయి వైరస్ అన్నాడు. అంతా తుడిచి కొత్తగా వేయించారు, రెండోరోజు మళ్ళీ అదే పాట. రిపేరు షాపులో మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. మూత తీసి చూసిన పాపాన పోలేదు.

భద్రాచలంలో ఉన్నవాళ్ళకి రాసుకోవడం కొత్తేమీ కాదు. గోదావరి 43 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3. గంటగంటకీ నీటిమట్టం రాసే మనిషి లేకపోతే సామాను ఎప్పుడు సర్దుకోవాలో ఎవరికి తెలుస్తుంది? అందుకే నేను, “ఓ నోటుపుస్తకం పెట్టమ్మాయ్. ఎప్పుడు ఆగింది, అప్పుడు ఏం చేస్తున్నావు, కరెంటు ఎలా ఉంది, అన్నీ రాయి” అన్నాను.

“రాస్తే బాగవుతుందా వదినా?” అంది నిష్ఠూరంగా.

పదకొండు రోజులు రాసింది. చదివితే చిత్రం బయటపడింది. జబ్బు ఒకటి కాదు, రెండు! మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య ఆగినప్పుడల్లా పూర్తిగా ఆరిపోయి, పావుగంటదాకా మీట నొక్కినా లేవడం లేదు. సాయంత్రం ఆగినప్పుడు అలా కాదు, తెర నల్లబడి తనంతట తనే తిరిగి మొదలవుతోంది. ఒకచోట “ట్యూబులైటు కూడా మినుకుమంది” అని రాసుకుంది. బంగారుతల్లి!

మధ్యాహ్నపు జబ్బు వేడి. మా వైపు మే నెల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, 45 డిగ్రీలు దాటిన రోజులూ ఉంటాయి. కంప్యూటరు గుండెకాయలాంటి ప్రాసెసరు, వేడి నూరు డిగ్రీల చుట్టుపక్కలకి చేరితే ముందు నెమ్మదిస్తుంది, అప్పటికీ తగ్గకపోతే కాలిపోకుండా తనంతట తనే ఆగిపోతుంది. ప్లగ్గు పీకేసి పక్కరేకు తీసి చూస్తే, ఫ్యాను కింది అల్యూమినియం రేకుల మధ్య దూదిలా దుమ్ము, దాన్నిండా ఉసుళ్ళ రెక్కలు! తొలివానలకి అడవివైపునుంచి దీపాలమీదికి దండెత్తి వస్తాయే, అవే. హార్వర్డులో ఒక్క పురుగు, మా ఇంట్లో పుట్టెడు. ఫ్యాను గిర్రున తిరక్కుండా వేలితో పట్టుకుని బ్రష్షుతో దులిపాం. ప్రాసెసరు మీద ఎండి సున్నంలా పెళ్ళకట్టిన పేస్టు తుడిచి, కందిగింజంత కొత్తది పెట్టాం. గోడలోని గూట్లోంచి గాలాడే చోటికి మార్చాం. మధ్యాహ్నాలు కుదుటపడ్డాయి.

ఈ వేడి గొడవ కంప్యూటర్లతో పాటే పుట్టింది. 1946 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో లోకానికి చూపించిన ఎనియాక్‌లో సుమారు 18,000 వాక్యూం ట్యూబులు ఉండేవి. వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ అవి ఎక్కువగా పోతున్నాయని గ్రహించి, దాన్ని ఆర్పకుండా ఉంచేవారు. అయినా రెండురోజులకో ట్యూబు పోయేది. ఏది పోయిందో కనిపెట్టడంలో ఆరితేరింది ఎవరనుకున్నారు? దాన్ని నడిపించిన ఆరుగురు ఆడవాళ్ళు. మొదట్లో వాళ్ళని ఆ గదిలోకే రానివ్వలేదు, పటాలు చూసి నేర్చుకున్నారు. చివరికి తప్పు దాదాపు ఏ ట్యూబులో ఉందో చెప్పగలిగేవారు. ప్రదర్శన రోజు రాత్రి పెద్దలకి జరిగిన విందుకి మాత్రం వాళ్ళకి పిలుపు లేదు. వండినవాళ్ళకి విస్తరి వేయకపోవడం మనకే కాదు, అక్కడా ఉంది!

ఇక సాయంత్రపు జబ్బు. కంప్యూటరుకి ఎస్.ఎం.పి.ఎస్. అని ఓ ఇనపపెట్టె ఉంటుంది. అది 230 వోల్టుల కరెంటుని 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇస్తుంది. అంతా సవ్యంగా ఉందని బోర్డుకి ఓ సంకేతం పంపుతూ ఉంటుంది. 1981లో వచ్చిన మొదటి ఐ.బి.ఎం. పీసీలోనూ ఈ ఏర్పాటు ఉంది. వీధిలో నీళ్ళ మోటార్లన్నీ ఒక్కసారి వేసినప్పుడు వోల్టేజి పడిపోతే, ఆ సంకేతం తప్పి యంత్రం మొదటికొస్తుంది. చమత్కారం ఏమిటంటే, కూతవేటు పాల్వంచలో 1966 నుంచీ థర్మల్ స్టేషను ఉంది! దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా?

మంచి ఎస్.ఎం.పి.ఎస్. అయితే చిన్న తడబాటుని తట్టుకోవాలి. అందుకని పక్కింటి అబ్బాయి దగ్గరున్నది అడిగి తెచ్చి, మిగతా ఏదీ ముట్టుకోకుండా అదొక్కటే మార్చి నాలుగు సాయంత్రాలు చూశాం. ఒక్కసారీ ఆగలేదు. దాంతో దొంగ దొరికినట్టే. పాత పెట్టెని ఎలక్ట్రీషియను విప్పితే కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. మీరు మాత్రం ఆ పెట్టె విప్పకండి, ప్లగ్గు పీకాక కూడా లోపల మూడువందల వోల్టుల దాకా నిలవ ఉండొచ్చు. 2000 తర్వాత కొన్నేళ్ళపాటు నాసిరకం రసాయనం పోసిన కెపాసిటర్లు ప్రపంచమంతా ఇలాగే ఉబ్బి కారి, పెద్దపెద్ద కంపెనీల యంత్రాలనే మూలపడేశాయి.

ఇంకో సంగతి. విండోస్‌లో 2001 నాటి ఎక్స్‌పీ నుంచీ, పెద్ద తప్పు జరిగితే నీలం తెర చూపించి నిలబడకుండా తనే తిరిగి మొదలయ్యే ఏర్పాటు ఉంది. సెట్టింగుల్లో దాన్ని తీసేస్తే కారణం తెరమీద నిలుస్తుంది, ఫోనుతో ఫొటో తీసుకోవచ్చు. ఈవెంట్ వ్యూయర్‌లో 41 అనే అంకె కనిపిస్తే, సరిగా ఆర్పకుండానే ఆగి లేచిందని అర్థం. యంత్రమూ తన డైరీ తను రాసుకుంటోందన్నమాట!

కొత్త ఎస్.ఎం.పి.ఎస్.కీ ఓ చిన్న యూ.పి.ఎస్.కీ అయిన ఖర్చు, షాపువాళ్ళు చెప్పిన దాంట్లో పావువంతు లేదు. ఆ ఏడు దరఖాస్తులు ఆఖరి తేదీకి ముందే వెళ్ళాయి.

తర్వాత సెప్టెంబరులో ఓ రాత్రి, కరెంటు నిలకడగా ఉండగానే, చల్లని వేళ, ఒకే ఒక్కసారి ఆగి లేచింది. ఎంత వెతికినా ఏమీ కనబడలేదు. 1978లో ఇంటెల్ కంపెనీలో మే, వుడ్స్ అనే ఇద్దరు కనుక్కున్నారు: చిప్పుని పొదిగిన పింగాణీలో లేశమాత్రం ఉన్న యురేనియం, థోరియంల నుంచి వెలువడే కణాలు కూడా మెమరీలో ఒక సున్నాని ఒకటిగా మార్చేయగలవట. ఆకాశంలోంచి వచ్చే కాస్మిక్ కిరణాలూ అంతేనట. మా ఆడపడుచు ఆ మాట విని, “దానికి నేనేం చెయ్యను వదినా!” అని నవ్వేసి, పుస్తకంలో ఆ రోజు తేదీ, టైము వేసి, కారణం గడి ఖాళీగా వదిలేసింది.