శిక్షకురాలు పాట్ సమ్మిట్



ఈ పూట నేను మీకు ఒక ఆటను గూర్చియు, ఆ యాటను నేర్పిన ఒక స్త్రీని గూర్చియు చెప్పదలచితిని. నేను ఆటగాడను గాను. పాఠశాలలో చరిత్ర చెప్పుకొని బ్రతికినవాడను. గెలుపోటముల పట్టికలు నా బుద్ధి కంతగా నెక్కవు. కాని యీ యాట చరిత్రలో నొక గీత కలదు. ఆ గీత నన్ను చిరకాలముగా బాధించుచున్నది. ఏల బాధించుచున్నదో కడపట మనవి చేసెదను. ముందు గీత సంగతి వినుడు.

1891 డిసెంబరు నెలలో, అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమందు, జేమ్స్ నెయిస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు చలికాలమున ఇంటిలోపల ఆడుకొనుటకు తగిన యాట నొకదానిని కల్పించెను. ఎత్తుగా రెండు పండ్లబుట్టలు కట్టి, బంతిని వానిలో వేయుటయే ఆ యాట. అదియే బాస్కెట్‌బాల్. మరుసటి సంవత్సరమే, ఆ ప్రాంతముననే యున్న స్మిత్ కళాశాలలో సెండా బెరెన్‌సన్ అను ఉపాధ్యాయిని దానిని తన విద్యార్థినులకు నేర్పెను. అయితే ఆమె యాటను కొంత మార్చెను. ఆటస్థలమును గీతలచే మూడు భాగములు చేసి, ఏ భాగమున నిలిచిన బాలిక ఆ భాగముననే ఆడవలెనని విధించెను. ఒకరి చేతిలోని బంతిని మఱియొకరు లాగికొనరాదనెను.

ఆమె ద్వేషముతో ఈ గీతలు గీయలేదు. పరుగెత్తినచో ఆడపిల్లల ఆరోగ్యము చెడుననియు, వారికి మోటుతనము వచ్చుననియు లోకులు పలుకుచుండిన దినములవి. గీతలు లేకున్నచో అసలు ఆటయే వారికి దక్కకపోయెడిదేమో! మనము లక్ష్మణరేఖ నెఱుగుదుము. అది కీడు తలచి గీసినది కాదు, కాపాడుటకు గీసినది. కాని కీడు తలచి గీసిన గీతను చెఱపుట కంటె, మేలు తలచి గీసిన గీతను చెఱపుట కష్టము. చెఱపబోయిన వారిని లోకము కృతఘ్నులనును.

1938 నాటికి భాగములు మూడు పోయి రెండయ్యెను. జట్టున కార్గురు. అందు ముగ్గురు ఒకవైపున నిలిచి బంతిని బుట్టలో వేయుదురు. ముగ్గురు రెండవవైపున నిలిచి ఎదుటివారి నడ్డుదురు. నడిమి గీతను ఎవ్వరును దాటరాదు. అడ్డుటకు నిలుపబడిన బాలిక ఎన్ని పోటీలాడినను ఒక్కమాఱైన బంతిని బుట్టలో వేయ నోచుకొనదు. ఈ సగమాట అమెరికాలోని కొన్ని రాష్ట్రముల ఉన్నత పాఠశాలలలో 1970 తరువాత కూడ సాగుచుండెను. అట్టి రాష్ట్రములలో నొకటి టెన్నెసీ.

ఆ టెన్నెసీలోనే 1952 జూన్ 14వ తేదీన క్లార్క్స్‌విల్ పట్టణమందు పట్రిషియా హెడ్ జన్మించెను. వారిది సేద్యపు కుటుంబము. పాడియు పొగాకును వారి జీవనాధారము. ఆమెకు ముగ్గురన్నలు. పగలు వారితోపాటు పొలమున గడ్డిమోపులు కట్టి, రాత్రి గడ్డి నిలువచేయు అటుకపైన వారితోనే బాస్కెట్‌బాల్ ఆడెడిది. ఆ యటుకపై గీత లేదు. ఆడపిల్లయని అన్నలు జాలి చూపలేదు. క్లార్క్స్‌విల్ ఉన్నత పాఠశాలలో బాలికలకు జట్టు లేనందున, తండ్రి ఇల్లు మార్చి పొరుగు తాలూకాలోని హెన్రియెట్టాకు కాపురము తరలించెను. ఆయన మితభాషి, కఠినుడు; ప్రేమను మాటలతో చెప్పునలవాటు లేనివాడు. కాని కూతురి యాటకొఱకు ఇల్లు మార్చిన తండ్రి ప్రేమకు వేఱు సాక్ష్యమేల?

ఇంటిలో ఆమె పేరు ట్రిష్. మార్టిన్ పట్టణములోని టెన్నెసీ విశ్వవిద్యాలయ శాఖలో చేరినపుడు అచటివారు ఆమెను పాట్ అని పిలిచిరి. కాదని చెప్పుటకు సిగ్గుపడి ఆ పేరునే ఉంచుకొనెను. తరువాత లోకమంతయు భయభక్తులతో పలికిన పేరు ఇట్లు సిగ్గువలన కలిగినది! ఆటలందు నేర్పుగల బాలురకు విద్యార్థివేతనములు లభించుచుండెను గాని, ఆమెకు అట్టిదేమియు లేదు. తలిదండ్రులే సొమ్ము చెల్లించి చదివించిరి.

1972లో అమెరికా దేశమున నొక శాసనము వెలువడెను. ప్రభుత్వధనము పొందు ఏ విద్యాలయమునను స్త్రీయను కారణముచే ఎవరికిని అవకాశము నిరాకరింపరాదని దాని భావము. దానిని తొమ్మిదవ ప్రకరణమని పిలుతురు. కాని చట్టము తలుపు తెఱచునే గాని, గదిలో దీపము వెలిగింపదు. దీపము వెలిగించువారు వేఱుగా రావలెను.

1974లో పాట్ హెడ్ నాక్స్‌విల్‌లోని టెన్నెసీ విశ్వవిద్యాలయమున పై చదువు చదువుచు సహాయకురాలిగా పనిచేయుటకు వచ్చెను. అంతలో స్త్రీల జట్టు శిక్షకురాలు సెలవుపై వెళ్లుటచే ఆ భారము ఈమెపై పడెను. అప్పటికామెకు 22 ఏండ్లు. నెలకు 250 డాలర్ల జీతము. జట్టులోని కొందఱు ఆమెకంటె ఒక్క యేడు మాత్రమే చిన్నవారు. పోటీల కేగు బండిని తానే నడిపెను. ఆటదుస్తులను తానే ఉతికెను. ఆ దుస్తులైనను మిఠాయిలమ్మి కూడబెట్టిన సొమ్ముతో కొన్నవే. ఆ డిసెంబరులో మెర్సర్ కళాశాలతో ఆడిన మొదటి పోటీలో 84కు 83 పాయింట్లతో, అనగా ఒక్క పాయింటుతో, ఓడిరి. చూడవచ్చినవారు నూర్గురైనను లేరు.

ఆమె మోకాలికి పెద్ద గాయము తగిలియుండెను. అయినను కోలుకొని, ఒకవైపు ఆట నేర్పుచు, ఒకవైపు చదువుచు, మఱియొకవైపు తాను సాధన చేయుచు, 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో అమెరికా జట్టు నాయికలలో నొకతెగా ఆడెను. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల బాస్కెట్‌బాల్‌కు చోటు దొరకినది అదియే మొదటిసారి. సోవియట్ జట్టుకు స్వర్ణము, అమెరికాకు రజతము లభించెను. 8 ఏండ్లకు, 1984లో, లాస్ ఏంజెలెస్‌లో ఆమె శిక్షణ నొందిన అమెరికా జట్టు స్వర్ణపతకము గెలిచెను.

ఇక గీత సంగతికి వత్తము. లోకమంతయు అయిదుగురితో నిండు ఆటస్థలమున ఆడుచుండగా, టెన్నెసీ బాలికలు మాత్రము సగమాట నేర్చి కళాశాలకు వచ్చుచుండిరి. సగము నేర్చినవారిని తన జట్టునకు తీసికొనజాలనని ఆమె బహిరంగముగా వాదించెను. తన జిల్లాల బిడ్డలనే నిరాకరింతునని ఒక శిక్షకురాలు పలుకుట చిన్న సాహసము కాదు. 1979లో ఆ రాష్ట్రము పాత పద్ధతిని విడిచి, అయిదుగురాడు నిండు ఆటను తన పాఠశాలలలో అంగీకరించెను. ఆయోవాలో ఆ గీత 1993 వఱకును, ఓక్లహోమాలో 1995 వఱకును నిలిచియుండెను. చట్టము వెలువడిన 20 ఏండ్ల తరువాత కూడ గీత చెఱగలేదన్నమాట!

1982 నుండి దేశపు ప్రధాన కళాశాలా క్రీడాసంఘము స్త్రీలకును జాతీయ పోటీ నడుపసాగెను. సమ్మిట్, అనగా 1980లో వివాహముతో ఆ యింటిపేరు పొందిన మన పాట్, ఆ బిరుదునకై చాలకాలము వేచియుండవలసివచ్చెను. జట్టు పలుమాఱులు కడపటి మెట్టు దాక పోయి ఓడి తిరిగివచ్చెను. తుదకు 1987లో లూయిసియానా టెక్ జట్టును 67కు 44 పాయింట్లతో ఓడించి మొదటి బిరుదు గెలిచెను. తరువాత 1989, 1991, 1996, 1997, 1998, 2007, 2008 సంవత్సరములలో గెలిచి మొత్తము ఎనిమిది బిరుదులు సంపాదించెను. 1998లో ముగిసిన ఆటకాలమున ఆమె జట్టు 39 పోటీలాడి ముప్పదితొమ్మిదింటను గెలిచెను. 38 ఏండ్లలో 1098 గెలుపులు, 208 ఓటములు. ఓటములు గెలుపులను మించిన సంవత్సరము ఒక్కటియు లేదు.

పట్టికలు నాకెక్కవంటిని గదా! నన్నాకర్షించిన లెక్క వేఱొకటి కలదు. ఆమెయొద్ద ఆటకాలమును పూర్తిచేసిన ప్రతి బాలికయు పట్టము పుచ్చుకొనెను. తరగతిలో మొదటి మూడు వరుసలలోనే కూర్చుండవలెనని ఆమె యాజ్ఞ. తరగతి మానిన బాలిక, ఎంతటి నేర్పరియైనను, ఆ పోటీలో ఆడరాదు. ఆమె చూపు తీక్ష్ణమని, ఆ చూపునకు గుండె జారని బాలిక లేదని శిష్యురాండ్రే చెప్పుకొనిరి. అన్నలు అటుకపై తనయెడ జాలి చూపలేదు. తానును శిష్యురాండ్రయెడ జాలి చూపలేదు. జాలి కూడ ఒక గీతయే యని ఆమె కనుగొనెను.

నెలకు 250 డాలర్లతో మొదలిడిన ఆమె జీతము 2006లో సంవత్సరమునకు పదిలక్షల డాలర్లను మించెను. స్త్రీల బాస్కెట్‌బాల్ శిక్షకులలో అంత జీతము పొందినవారిలో ఆమెయే ప్రథమురాలు. కాని దీనికి చీకటివైపును కలదు. 1972లో కళాశాలల స్త్రీజట్లకు శిక్షకులైనవారిలో నూటికి తొంబదిమందికి పైగా స్త్రీలే. ధనమును గౌరవమును వచ్చిన పిదప ఆ పదవులకు పురుషులు పోటీపడిరి. స్త్రీల సంఖ్య సగమునకు తక్కువయ్యెను. ఆడువారికి తలుపు తెఱచిన శాసనమే, నేర్పు పీఠమునుండి వారిని కొంత జరిపినది. ఒక గీత చెఱగినచోట మఱియొక గీత కంటికి కనబడకుండ మొలచుట చరిత్రలో తఱచు కాననగును.

2011 ఆగష్టులో, 59వ యేట, తనకు జ్ఞాపకశక్తిని హరించు ఆల్‌జైమర్ వ్యాధి సంక్రమించినదని ఆమె తానే లోకమునకు చెప్పెను. దాచలేదు. మఱియొక యాటకాలము సహాయకుల తోడ్పాటుతో నడిపి, 2012 ఏప్రిల్‌లో పదవిని విడిచెను. ఆ యేటనే అమెరికా అధ్యక్షుడు ఆమెను స్వాతంత్ర్యపతకముతో గౌరవించెను. 2016 జూన్ 28వ తేదీన, 64వ యేట, ఆమె కన్నుమూసెను. వేలకొలది ఆటల ఎత్తుగడలు నిలిచిన మనస్సు కడకు తన గెలుపులనే మఱచెను. 2020 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ శిక్షకురాలు టారా వాన్‌డర్వీర్ ఆమె గెలుపుల లెక్కను దాటెను. దాటినది మఱియొక స్త్రీయే యగుట ఆ లెక్కకు లోపము కాదు, అలంకారము.

ఇక నా మాట. నేను పనిచేసిన పాఠశాలలో మైదానమొక్కటియే. సాయంకాలము చీకటి పడునని, దారిలో భయమని, బాలికలను గంటముందే యిండ్లకు పంపివేసెడివాడను. మైదానము బాలురకు మిగిలెడిది. ఏండ్లకొలది అట్లే చేసితిని. మేలే తలచితిని; తలిదండ్రులును నన్ను మెచ్చుకొనిరి. ఒకనాడు ఒక బాలిక, “మేస్టరుగారూ, దారిలో దీపము పెట్టించరాదా?” యని యడిగెను. నాకు ప్రత్యుత్తరము తోచలేదు. అప్పుడే నేను గీసిన గీత నాకు కనబడినది. పాట్ సమ్మిట్ చరిత్ర చదివిన ప్రతిసారియు నాకు ఆ బాలిక ప్రశ్న జ్ఞాపకము వచ్చును.

మేలు తలచి మనము గీసిన గీతలు మన యిండ్లలో, మన బడులలో ఎన్ని కలవో, ఎవరి గీతను వారే యొకమాఱు చూచుకొందురుగాక యని నా ప్రార్థన.