గోడకుర్చీయు తొక్కుడుబిళ్ళయు

పాఠము రాని పిల్లవానిచే గోడకుర్చీ వేయించుట మన బడులలో పాత దండన. వీపు గోడ కానించి, మోకాళ్ళు వంచి, కదలక నిలువవలెను. కొంతసేపటికే తొడలు వణకును. సాయంకాలమున అదే పిల్లవాడు వీధిలో ఒంటికాలిపై గెంతుచు తొక్కుడుబిళ్ళ ఆడును. మొదటిది కదలని శ్రమ; రెండవది నేల తాకినంతనే మరల నెగురు శ్రమ. వ్యాయామశాస్త్రమున మొదటిదానిని ఐసోమెట్రిక్ సాధన యనియు, రెండవదానిని ప్లయోమెట్రిక్ సాధన యనియు అందురు. క్రోసులకొలది పరుగెత్తువానికి ఈ రెంటిలో ఏది మేలు? ఈ ప్రశ్న వెనుక ఒక చిత్రమైన చరిత్ర కలదు.

నిశ్చల సాధనకు ప్రసిద్ధి తెచ్చినవారిలో ముందుగా చెప్పదగినవాడు అలెగ్జాండర్ జాస్. 1888లో రష్యా సామ్రాజ్యమున జన్మించిన ఈ బలశాలి, మొదటి ప్రపంచయుద్ధమున ఆస్ట్రియనులకు చిక్కి, చెఱలో గొలుసులను, కటకటాలను లాగుచు బలము పెంచుకొనెను. పిమ్మట ఇంగ్లండు చేరి సాంసన్ అను పేర ప్రదర్శనలిచ్చెను. మన కోడి రామమూర్తి నాయుడు ఱొమ్మునకు గొలుసు చుట్టి ఊపిరి బిగించి త్రెంచుటను గూర్చి విన్నవారికి ఇది వింతగా తోపదు. 1953లో జర్మనీలోని డార్ట్మండు నగరమున హెట్టింగర్, మ్యూలర్ అను శాస్త్రజ్ఞులు, దినమునకు 6 సెకనుల బిగింపుతో వారమునకు నూటికి 5 వంతుల బలము పెరుగునని ప్రకటించిరి. ఇక చెప్పనేల! 1960 ప్రాంతమున అమెరికాలో ఈ సాధన వెఱ్ఱిగా వ్యాపించెను. పెన్సిల్వేనియాలోని యార్కునందు బరువులెత్తువారు దీనివలననే బలపడిరని చాటిరి. వారిలో కొందఱు అదే కాలమున బలము పెంచు మాత్రలు మ్రింగుచుండిరని తరువాత బయటపడెను. దానితో సాధనయే బూటకమను అపవాదు పుట్టెను. నాకిది అన్యాయముగా తోచును. మాత్ర చేసిన మోసమునకు గోడకుర్చీ శిక్ష ననుభవించినది!

గెంతుల కథ వేఱు. సోవియట్ శిక్షకుడు యూరీ వెర్కొషాన్‌స్కీ 1960 దశకమున, ఎత్తయిన పెట్టెనుండి దిగి, నేల తాకిన క్షణముననే పైకెగురు పద్ధతిని ట్రిపుల్ జంపు వంటి దూకుడు పందెములవారికై రూపొందించెను. దీనికి 1975లో ప్లయోమెట్రిక్స్ అను పేరు పెట్టినవాడు అమెరికావాడగు ఫ్రెడ్ విల్ట్. ఇతడు 1948, 1952 ఒలింపిక్సులలో 10,000 మీటర్లు పరుగెత్తినవాడు. దూరపు పరుగువాడు నామకరణము చేసిన బిడ్డ చిరకాలము దూకువారి యింటనే పెరిగెను! కండ పెరిగిన శరీరము బరువెక్కునని దూరపు పరుగువారి భయము. గుండెయు ఊపిరితిత్తులును బాగున్న చాలునని వారి నమ్మకము.

న్యూజీలండు శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ మాత్రము తన శిష్యులచే కొండవాలున గెంతులు వేయించెను. 1960 సెప్టెంబరు 2న రోము నగరమున అతని శిష్యులు స్నెల్ 800 మీటర్లయందును, హాల్బర్గ్ 5,000 మీటర్లయందును బంగారు పతకములు గెలిచిరి. వారు వారమునకు 100 మైళ్ళు పరుగెత్తుచుండిరి గనుక, ఆ విజయము గెంతులదే యనుట సాహసము.

కీలకము స్నాయువునందున్నది. కండను ఎముకకు బంధించు ఆ త్రాడు, అడుగు పడినపుడు సాగి, లేచునపుడు ఆ శక్తిని తిరిగి యిచ్చును. 1964లో మిలానునందు కవాన్యా మొదలగువారు కొలిచి చూడగా, పరుగున జరుగు పని కండలు మాత్రమే చేయగలదానికి మించియుండెను. మిగిలినది ఈ సాగుడు చేసిన సాయమే. ఫిన్లండునందు పావోలైనెన్ బృందము 1999లో తెలిపిన పరీక్షలో, పరుగువారు సాధనలో కొంతభాగమునకు బదులు గెంతులు, చుఱుకైన బల సాధనలు 9 వారములు చేసిరి. వారి 5 కిలోమీటర్ల పరుగు మెఱుగుపడెను. ప్రాణవాయువును గ్రహించు గరిష్ఠశక్తి మాత్రము పెరుగలేదు. అనగా మేలు ఊపిరితిత్తులలో కాక కాళ్ళలో కలిగినది. నిశ్చల సాధనకు న్యాయము 2013లో జరిగెను. జర్మనీలో ఆల్బ్రాక్ట్, అరంపాట్సిస్ అనువారు పరుగువారిచే 14 వారములు పిక్కను బిగించి నిలుపు సాధన చేయింపగా, మడమ స్నాయువు బిగువెక్కి, అదే వేగమునకు ప్రాణవాయువు నూటికి 4 వంతులు తక్కువగా ఖర్చయ్యెను.

2017లో జపానునందు కూబో బృందము చేసిన పరీక్ష నాకు మిక్కిలి నచ్చినది. ఒకే మనిషి ఒక కాలితో గెంతుచు, రెండవ కాలిని కదలక బిగించుచు 12 వారములు గడపెను. బిగించిన కాలియందు స్నాయువు గట్టిపడెను. గెంతిన కాలియందు కండయే వేగపు సాగుడును గట్టిగా ఎదుర్కొన నేర్చెను. కనుక ఇవి ఒకదాని పని నొకటి దోచుకొను సాధనలు కావు. గెంతులతో మడమ నొచ్చువాడు నిలిచిన సాధనతో మొదలిడవచ్చును. అయితే ఏ కోణమున కీలు వంచి నిలిచిన, బలము ముఖ్యముగా ఆ కోణముననే పెరుగును. కావున అతడు నిలుకడను అపుడపుడు మార్చుచుండవలెను. గెంతువాడో, ముందు నేలను చూచుకొనవలెను.